విశ్రాంత సేనానుల మాట

కత్తిని ఒరలో నుంచి యింటికి మరలిన సైనికుడు దేశరక్షణమును గూర్చియు, ప్రపంచ వ్యవహారములను గూర్చియు నోరు విప్పవచ్చునా? విప్పినచో ఆ మాటకు ప్రజలు ఎంత విలువ నీయవలయును? సరిహద్దున తుపాకి మ్రోగినప్పుడెల్లను, సేనకు సంబంధించిన క్రొత్త యేర్పాటు వెలువడినప్పుడెల్లను ఈ ప్రశ్న మన యెదుటికి వచ్చుచున్నది. పత్రికలయందును, సభలయందును, టెలివిజను చర్చలయందును విశ్రాంత సేనానుల యభిప్రాయములు విరివిగా వినవచ్చుచున్నవి. వానిని విని కొందరు, సైనికునకు రాజకీయములతో నేమి పనియని విసుగుకొనుచున్నారు. మరికొందరు, యుద్ధమును కన్నులార జూచినవాడు చెప్పుచుండగా మనకేమి తెలియునని చేతులు జోడించుచున్నారు. ఈ రెండు పద్ధతులును మాకు సమ్మతములు కావు. మొదటిది ప్రజల చెవులను మూయును. రెండవది కన్నులను మూయును.

ముందుగా హక్కును విచారింతము. మన రాజ్యాంగము 19వ అధికరణమున పౌరులకెల్ల వాక్స్వాతంత్ర్యము నొసగినది. సాయుధ బలములవారి విషయమున ఆ హక్కును కుదించు అధికారమును 33వ అధికరణము పార్లమెంటున కిచ్చినది. 1954వ సంవత్సరపు సైన్య నిబంధనలు, కొలువునందున్న సైనికుడు అనుమతి లేక పత్రికలకు వ్రాయరాదనియు, రాజకీయ కార్యములలో పాల్గొనరాదనియు శాసించినవి. ఇది న్యాయమే. ఆయుధము చేతబట్టినవాడు పక్షము పట్టినచో ప్రజాప్రభుత్వము నిలువజాలదు. పొరుగున నున్న పాకిస్తానమునందు 1958, 1977, 1999 సంవత్సరములలో సేనానులు ప్రభుత్వమును కైవసము చేసికొనుట మనము చూచితిమి. అట్టి దుర్దశ మనకు పట్టకుండుటకు మన సైనికుల మౌనవ్రతమును ఒక కారణమే. కాని కొలువు ముగిసిననాడు సైనికుడు తక్కినవారివలెనే పౌరుడు. 1923వ సంవత్సరపు అధికార రహస్యముల చట్టమునకు లోబడి, ఆతడు తన యనుభవమును, తన యాలోచనను ప్రజలముందుంచుట తప్పు కాదు. కావున హక్కును గూర్చి వివాదము లేదు. విలువను గూర్చియే విచారింపవలసియున్నది.

భారతకథ నెరిగినవారికి విశ్రాంత సేనాని హితోపదేశము వింత కాదు. అంపశయ్యపై పరుండి భీష్ముడు ధర్మరాజునకు రాజధర్మములను బోధించెను. శాంతిపర్వమును మన పెద్దలు నేటికిని చదివించుకొని తలయూచుచున్నారు. కాని అదే భీష్ముడు ద్రౌపదిని సభ కీడ్చి తెచ్చినప్పుడు ఏమనెను? ధర్మము సూక్ష్మమైనదని చెప్పి యూరకుండెను. సభలో గట్టిగా పలుకవలసిన మాట పలుకకపోయినను, పలికినదానిని రాజు వినకపోయినను ఫలమొక్కటే. పదునెనిమిది అక్షౌహిణుల సేన నేలగూలిన పిమ్మట వెలువడు హితవు ఎంత గొప్పదైనను పోయిన ప్రాణములను తేజాలదు. ఈ దృష్టితోనే మేమీ విషయమును పరిశీలింపదలచితిమి.

మన దేశమునకు 1962 కంటె కఠినమైన పాఠము లేదు. కొడగు దేశస్థుడైన జనరల్ తిమ్మయ్య 1957 మే నెలలో సేనాధిపతి యయ్యెను. ఆయన రెండవ ప్రపంచ యుద్ధమున బర్మా రంగమునందు పోరినవాడు. 1948లో కాశ్మీరమున జోజి కనుమ మీదికి ట్యాంకులను నడిపించినవాడు. 1953లో కొరియా యుద్ధఖైదీల నప్పగించు తటస్థ రాజ్యముల సంఘమునకు అధ్యక్షుడై ప్రపంచమున పేరుగన్నవాడు. ఆయనకును రక్షణమంత్రి కృష్ణమీననుగారికిని పొసగకుండెను. పైపదవుల నియామకములలో మంత్రి కలుగజేసికొనుటయు, సేన చెప్పు సలహాలకు విలువ లేకపోవుటయు తగవునకు మూలములు. 1959 ఆగస్టు 31వ తేదీన తిమ్మయ్య రాజీనామా నిచ్చెను. ప్రధాని నెహ్రూగారు పిలిచి నచ్చజెప్పగా దానిని ఉపసంహరించుకొనెను. రెండు దినములకు నెహ్రూగారు పార్లమెంటులో ప్రసంగించుచు, పౌరాధికారమే సర్వోన్నతమని నొక్కి చెప్పి, సేనాధిపతి చర్యను తప్పుపట్టిరి.

నెహ్రూగారు చెప్పిన సూత్రము ముమ్మాటికిని సత్యము. సేన ప్రభుత్వమునకు లోబడియుండవలసినదే. కాని సూత్రము సత్యమైనంత మాత్రమున సేనాధిపతి చెప్పిన సంగతి అసత్యము కానేరదు. చెరువుగట్టు బీటవారినదని నీరుగంటి వచ్చి చెప్పినప్పుడు, గ్రామపెద్ద తానని ఆతనికి గుర్తుచేసినచో బీట పూడదు. గట్టును పోయి చూడవలెను. 1959లో ఆ చూచుట జరుగలేదు. ఆ యేడు ఆగస్టులోనే లాంగ్జూ వద్దను, అక్టోబరులో లడఖునందలి కొంగ్కా కనుమ వద్దను చీనా సేనలు మనవారిపై కాల్పులు జరిపినవి. హెచ్చరికకు ఇంతకంటె సాక్ష్య మేమి కావలయును?

ఆ కాలముననే తూర్పు సేనామండలమునకు అధిపతియైన లెఫ్టినెంట్ జనరల్ థోరాట్ ఈశాన్య సరిహద్దు రక్షణకు ఎంత బలము కావలెనో, ఎక్కడ నిలిచి పోరవలెనో వివరించి ఒక పత్రము సమర్పించెను. 1960లో లక్నో నగరమున ‘లాల్ ఖిలా’ యను పేర యుద్ధాభ్యాసము జరిపి తన వాదమును నిరూపింప యత్నించెను. దారులు లేని సరిహద్దు రేఖమీద చిన్న గుంపులను నిలుపుట మేలు కాదనియు, మనకు రాకపోకలు గల వెనుకటి తావులయందు గట్టిగా నిలువవలెననియు ఆయన మతము. ఆయనయు తిమ్మయ్యయు 1961లో పదవీవిరమణము చేసిరి. ఆ యేడు నవంబరులోనే, సరిహద్దు వెంబడి ముందుకు సాగి చిన్న చిన్న ఠాణాలను నెలకొల్పు విధానము నిర్ణయింపబడినది.

1962 జూలై నెలలో ‘సెమినార్’ అను ఆంగ్ల మాసపత్రికయందు తిమ్మయ్య యొక వ్యాసము వ్రాసెను. చీనాతో భారతదేశము ఒంటరిగా బాహాటమైన యుద్ధమునకు దిగుటను సైనికుడుగా తాను ఊహింపజాలననియు, ఆ దిక్కున దేశమును కాపాడు భారము రాజకీయవేత్తలపైనను, రాయబారులపైనను ఉన్నదనియు ఆయన నిర్మొగమాటముగా చెప్పెను. ఇది పిరికిపంద పలుకు కాదు. యుద్ధమునం దారితేరినవాడు తన బలమును, ఎదిరి బలమును తూచి చెప్పిన మాట. ఠాణాలు ముందుకు జరుపుటకు పూర్వము ఈ తూకమును ప్రభుత్వము సభలో నడిగి తెలిసికొని యుండవలసినది. పత్రికలో అచ్చయిననాటికి సమయము మించిపోయినది.

ఆ వ్యాసము వెలువడిన మూడు మాసములకు, అక్టోబరు 20వ తేదీ తెల్లవారుజామున, నాంకాచూ వాగు వద్ద చీనా ఫిరంగులు మ్రోగెను. థాగ్లా కొండ మీద శత్రువు, క్రింద వాగు గట్టున మన 7వ బ్రిగేడు. మన జవానులకు చలిదుస్తులు చాలవు. ఫిరంగులు బహు కొద్ది. తూటాలు లెక్క పెట్టుకొనవలసినన్ని. సామగ్రి విమానములనుండి జారవిడిచినచో సగము లోయలపాలు. ఆ బ్రిగేడు ఒక్క పూటలో చెల్లాచెదరయ్యెను. నవంబరు 21వ తేదీన చీనావారు తమంత తామే కాల్పులను నిలిపిరి. ఆ యుద్ధమున 1,383 మంది మరణించిరనియు, 1,696 మంది జాడ తెలియలేదనియు, 3,968 మంది బందీలైరనియు ప్రభుత్వపు లెక్క. కృష్ణమీనను మంత్రిపదవిని వీడవలసివచ్చెను. చేతులు కాలిన పిమ్మట ఆకులు పట్టుకొనుట యనగా నిదియే.

ఈ యుద్ధమునుగూర్చి తరువాత ఇరువురు విశ్రాంత సేనానులు గ్రంథములు వ్రాసిరి. విశ్రాంతుల మాటను ఎట్లు తూచవలెనో ఆ రెండు గ్రంథములే మనకు నేర్పును. ఒకటి లెఫ్టినెంట్ జనరల్ బి.ఎం. కౌల్ 1967లో ప్రకటించిన ‘అన్‌టోల్డ్ స్టోరీ’. రెండవది బ్రిగేడియర్ జాన్ దళ్వీ 1969లో ప్రకటించిన ‘హిమాలయన్ బ్లండర్’. కౌల్ ఆ రంగమున 4వ కోరునకు అధిపతి. వాగు గట్టునుండి అస్వస్థుడై ఢిల్లీకి పోయి, దాడి జరిగిననాడు అక్కడనే మంచముపై నుండెను. దళ్వీ ఆ 7వ బ్రిగేడునకే నాయకుడు. అక్టోబరు 22వ తేదీన బందీయై 1963 మే నెలలో విడుదలయ్యెను. కౌల్ తన్ను తాను సమర్థించుకొనుచు మంత్రిని, ఇతరులను దూషించెను. దళ్వీ పైవారినెల్ల కడిగివేసెను. ఇరువురును యుద్ధమును చూచినవారే. ఇరువురి మాటయు ఒక్కటి కాదు. ఇరువురికిని తమ పరువును నిలుపుకొనవలయునను తాపత్రయము కలదు. చూచినవాని మాట వేదమని చేతులు జోడించువారు ఈ రెండింటిలో దేనికి జోడింతురు?

గట్టు తగవున ఇద్దరు సాక్షులు భిన్నముగా చెప్పినప్పుడు మన గ్రామములలో పెద్దలు ఏమి చేయుదురు? కరణము దస్తరము తెప్పించి చూతురు. 1962 తగవునకును అట్టి దస్తరము కలదు. లెఫ్టినెంట్ జనరల్ హెండర్సన్ బ్రూక్సు, బ్రిగేడియర్ ప్రేమీంద్రసింగ్ భగత్ అను నిరువురు సేనానులు విచారణ జరిపి 1963లో నివేదిక సమర్పించిరి. అరువది యేండ్లు దాటినను ఏ ప్రభుత్వమును దానిని ప్రజలకు విడుదల చేయలేదు. 2014లో నెవిల్ మాక్స్‌వెల్ అను విదేశీయ రచయిత తన వద్దనున్న భాగమును బయటపెట్టగా మాత్రమే అందలి విషయము కొంత లోకమునకు తెలిసినది. మన జవానుల రక్తచరిత్రను మనము పరాయివాని చేతినుండి చదువుకొనవలసివచ్చెను. దీనికి భిన్నముగా, 1999లో కార్గిలు పోరాటము ముగిసిన వెంటనే నియమింపబడిన సమీక్షాసంఘపు నివేదిక, కొన్ని భాగములు తొలగింపబడినను, 2000 ఫిబ్రవరిలో పార్లమెంటు ముందుంచబడినది. ఆ సంఘమునం దొక విశ్రాంత సేనానియు సభ్యుడు. దస్తరమును దాచినచోట ప్రతి విశ్రాంతుని జ్ఞాపకమును ప్రమాణమగును. తెరచినచోట జ్ఞాపకమును దస్తరముతో సరిచూడవచ్చును.

జ్ఞాపకము మహావీరులనుగూడ మోసగింపవచ్చును. 1971 ఏప్రిలులో తూర్పు బెంగాలు మీదికి సేనను నడుపుటకు తాను సిద్ధముగా లేనని ప్రధాని ఇందిరాగాంధీగారికి నిక్కచ్చిగా చెప్పి గడువు కోరితినని ఫీల్డు మార్షల్ మానెక్‌షా విశ్రాంతి నొందిన పిమ్మట పలుమార్లు వినిపించెను. ఆ కథ దేశమంతట ప్రసిద్ధము. ఆనాటి కాగితములను శోధించిన చరిత్రకారులు కొందరు, అప్పటికి ప్రభుత్వమునకే తొందరపడి దాడి చేయు సంకల్పము లేదని వ్రాసియున్నారు. ఇందువలన మానెక్‌షా కీర్తికి లోటు రాదు. డిసెంబరులో పదునాలుగు దినములలో ఢాకా వశమైన మాట నిజము. కాని యేండ్లు గడచిన కొలది చెప్పువాడు కథకు నడిబొడ్డున నిలుచుట మానవసహజము. దానిని గుర్తెరిగియే వినవలెను.

ఇతర దేశముల యనుభవమును కొంచెము చూతము. విశ్రాంత సేనాని మాట విషమైన వృత్తాంతము జర్మనీయందు కలదు. మొదటి ప్రపంచ యుద్ధము చివర, 1918 సెప్టెంబరు 29వ తేదీన, యుద్ధవిరమణమును వెంటనే కోరవలసినదని తమ ప్రభుత్వమును తొందరపెట్టినది జనరల్ లూడెన్‌డార్ఫే. అటువంటివాడు కొలువు వీడిన పిమ్మట, సేన ఓడలేదనియు, ఇంటివారు వెన్నున పొడిచిరనియు ప్రచారము చేసెను. 1919 నవంబరులో పార్లమెంటు విచారణసంఘము ముందు వృద్ధ సేనాని హిండెన్‌బర్గు అదే మాట వల్లించెను. ఓటమిని దిగమ్రింగలేని ప్రజలు దానిని నమ్మిరి. 1923 నవంబరులో మ్యూనికు వీథులలో హిట్లరు ప్రక్కన లూడెన్‌డార్ఫు నడచెను. 1933 జనవరి 30వ తేదీన హిట్లరును ప్రధానిగా నియమించినది అధ్యక్షుడైన హిండెన్‌బర్గే. తన తప్పును పరులపై రుద్దుటకు సేనాని కీర్తిని వినియోగించినచో దేశమే కాలిపోవునని ఈ కథ చాటుచున్నది.

రెండవ యపాయము ధనము. అమెరికా సేనలు 2003 మార్చిలో ఇరాకును ముట్టడించినప్పుడు అచ్చటి టెలివిజనులయందు విశ్రాంత సేనానులు ప్రతిదినము వ్యాఖ్యానము చేయుచుండిరి. ప్రజలు వారిని నిష్పక్షపాతులని తలచిరి. 2008 ఏప్రిల్ 20వ తేదీన ‘న్యూయార్క్ టైమ్స్’ పత్రిక అసలు సంగతిని బయటపెట్టెను. రక్షణశాఖ డెబ్బదియైదుమందికి పైగా విశ్రాంతులను చేరదీసి, ఆంతరంగిక సమావేశములకు పిలిచి, తమకు కావలసిన మాటలు వారిచేత పలికించుచుండెననియు, వారిలో పలువురకు యుద్ధసామగ్రి కంపెనీలతో సంబంధములు కలవనియు తేలెను. వ్యాపారి తరాజును పట్టుకొని న్యాయమూర్తి వేషము వేసినట్లయినది. అదే యుద్ధమునకు ముందు, 2003 ఫిబ్రవరిలో, కొలువునందే యున్న సేనాధిపతి షిన్సెకి శాసనసభా సంఘము అడుగగా, ఇరాకును అదుపులో నుంచుటకు లక్షల సంఖ్యలో సైనికులు కావలసియుందురని చెప్పెను. పాలకులు రెండు దినములలో ఆ మాటను త్రోసిపుచ్చిరి. తరువాతి యేండ్లలో ఆ దేశము రక్తపుమడుగైనప్పుడు షిన్సెకి మాట పలువురకు గుర్తు వచ్చెను.

ఐనను అమెరికాయే మనకు సదుదాహరణములను గూడ చూపినది. మెరైను దళమున మేజర్ జనరలై, ఆ దేశపు అత్యున్నత శౌర్యపతకమును రెండు మారులు పొందిన స్మెడ్లీ బట్లరు 1931లో విశ్రాంతి నొంది, 1935లో యుద్ధము లాభగాండ్ర వ్యాపారమని చాటుచు గ్రంథము వ్రాసెను. ముప్పది యేండ్లకు పైగా తాను చేసిన కొలువునే విమర్శించుటకు ఆయన వెనుదీయలేదు. అంతకంటె గొప్పది ఐసెన్‌హోవరు మాట. ఐరోపాలో మిత్రరాజ్యముల సేనలకు సర్వాధిపతియై 1944 జూన్ 6వ తేదీన ఫ్రాన్సు తీరమున సేనలను దింపినవాడు, ఎనిమిదేండ్లు దేశాధ్యక్షుడు. 1961 జనవరి 17వ తేదీన, పదవి వీడుటకు మూడు దినముల ముందు, దేశప్రజలతో ప్రసంగించుచు, సేనయు ఆయుధ పరిశ్రమయు కలిసి ప్రభుత్వముపై పొందజూచు మితిమీరిన ప్రాబల్యమును గూర్చి జాగరూకులై యుండవలసినదని హెచ్చరించెను. దేశరక్షణకు సేన కావలెను, ఆయుధములు కావలెను. కాని వానిపై కన్నువేసి యుండుట తెలిసిన పౌరుల పని యని ఆయన భావము. ఈ మాటకు బలమెక్కడిది? తన వర్గమునకు, తన స్నేహితులకు నష్టము కలుగు మాటను తానే చెప్పుటయందున్నది.

ఇక మన యింటి సంగతికి వత్తము. తాడేపల్లిగూడెము చెంతనున్న మాధవరమునకు ‘మిలిటరీ మాధవరము’ అని పేరు. మొదటి ప్రపంచ యుద్ధకాలమునుండి ఆ యూరివారు తరతరములుగా సేనలో చేరుచున్నారు. సికిందరాబాదు చెంత సైనికపురి విశ్రాంత సైనికుల నివాసముగనే వెలసినది. అందుచే సేన విషయము ఆంధ్ర తెలంగాణ ప్రాంతములవారికి దూరపు కొండ కాదు. 2022 జూన్ 14వ తేదీన కేంద్రప్రభుత్వము ‘అగ్నిపథ్’ అను ఏర్పాటును మంత్రివర్గ నిర్ణయముగా ప్రకటించెను. చేరినవారు నాలుగేండ్లు పనిచేయుదురు. వారిలో నూటికి ఇరువదియైదుగురికి మించి స్థిరపడరు. తక్కినవారు పింఛను లేక ఒక మొత్తము పుచ్చుకొని మరలుదురు. మూడు దినములకు సికిందరాబాదు రైలునిలయమున ఆగ్రహించిన యువకులు బండ్లకు నిప్పుపెట్టిరి. పోలీసుల కాల్పులలో ఒక యువకుడు ప్రాణము కోల్పోయెను.

ఆ యేర్పాటును గూర్చి విశ్రాంత సేనానులు రెండు పాయలుగా చీలిరి. సేనకు యౌవనము కావలెననియు, 2022–23లో 5.25 లక్షల కోట్ల రక్షణ బడ్జెటులో 1.19 లక్షల కోట్లు పింఛనులకే పోవుటచే ఆయుధములకు ధనము చాలదనియు కొందరు వాదించిరి. నాలుగేండ్లలో సైనికుడు తయారుకాడనియు, ప్రాణమునకు ప్రాణమిచ్చు పలటను బంధము తెగిపోవుననియు, మరలివచ్చిన యువకునకు బ్రతుకుతెరువు చూపువారెవరనియు మరికొందరు అడిగిరి. రెండు వాదములును వినదగినవే. కాని మా మనస్సును కలచునది వేరొకటి. ఈ వాదోపవాదములన్నియు ప్రకటన వెలువడిన పిమ్మట జరిగినవి. 2022 ఏప్రిలు చివరివరకు సేనాధిపతిగా నుండిన జనరల్ నరవణె తన స్వీయచరిత్రలో, ఈ యేర్పాటు సేనకే ఆశ్చర్యము గొలిపినదని వ్రాసినట్లు 2023 డిసెంబరులో పత్రికలు ప్రకటించినవి. 2024 జనవరిలో వెలువడవలసిన ఆ గ్రంథము ప్రభుత్వ పరిశీలన పేర నిలిచిపోయెను. సభలో విచారణ ముందు, ప్రకటన తరువాత కావలసినది, ఇచట తలక్రిందులైనది.

పింఛనుల విషయమున మరియొక వివేచన అవసరము. 2015 జూన్ నెలలో విశ్రాంత సైనికులు ఢిల్లీయందలి జంతర్ మంతర్ వద్ద ‘ఒకే హోదా, ఒకే పింఛను’ కొరకు నిరశనకు కూర్చుండిరి. సెప్టెంబరు 5వ తేదీన ప్రభుత్వము అంగీకారమును ప్రకటించెను. వారి కోరిక ధర్మమైనది. కాని అచట వారు వాదులు, సాక్షులు కారు. తన భూమిని గూర్చి వాదించు రైతు అసత్యమాడునని మేమనము. అతని మాటను ప్రతివాది మాటతో కూడ వినవలెనని మాత్రమే యందుము.

ఇందుకు భిన్నముగా, తనకే లాభమును లేని మాట చెప్పినవారును మనలో నుండిరి. 1990 నుండి 1993 వరకు నౌకాసేనాధిపతియైన అడ్మిరల్ రామదాసు కొలువు వీడిన పిమ్మట పాకిస్తానముతో సామరస్యమునకును, అణ్వాయుధముల నిర్మూలనకును పాటుపడెను. 1971లో ఆ దేశముతో సముద్రముపై పోరినవాడే శాంతిని బోధించుట పలువురకు రుచింపలేదు. ఆయనకు 2004లో మాగ్సేసే పురస్కారము లభించెను. 2024 మార్చిలో సికిందరాబాదునందు పరమపదించెను. ఆయన మతముతో మేమన్ని విషయములందును ఏకీభవింపము. అణ్వాయుధ దేశములు రెండు ప్రక్కలను ఉండగా మన మొక్కరమే చేతులు వదులుకొనుట సులభము కాదని మా తలంపు. ఐనను ఆయన పలికినది పదవి కొరకు కాదు, కంపెనీ కొరకు కాదు. అట్టి మాటకు ప్రత్యుత్తర మీయవలెనే గాని నిందింపరాదు.

కావున మా పాఠకులు విశ్రాంత సేనాని మాట వినునప్పుడు కొన్ని ప్రశ్నలు వేసికొందురుగాక. ఈతడు తాను చూచినది చెప్పుచున్నాడా, విన్నది చెప్పుచున్నాడా? కొలువునందుండగా ఈ మాట పైవారికి చెప్పెనా, లేక పదవి పోయిన తరువాతనే జ్ఞానోదయమయ్యెనా? ఇప్పుడు ఈతడు ఎవరి యుప్పు తినుచున్నాడు – పక్షముదా, ఆయుధ కంపెనీదా, తన పింఛనుదా? ఈ మాటవలన ఈతనికి లాభమా, నష్టమా? తుపాకులు, దారులు, చలిదుస్తులు, జవానుల శిక్షణ – ఇవి ఈతని విద్య. ఏ దేశముతో సంధి చేయవలెను, ఏ దేశముతో వైరము పూనవలెను అనునవి ఈతని విద్యకు మించిన విషయములు. మొదటివానియందు ఈతని మాటకు పెద్దపీట వేయవలెను. రెండవవానియందు ఈతడు మనవలె నొక పౌరుడు మాత్రమే. తిమ్మయ్య వ్యాసమునకు గల గొప్పదన మిందున్నది. బలము ఇంత యున్నదని తన విద్యనుండి చెప్పి, తక్కినది రాజకీయవేత్తల పని యని తన హద్దునందు నిలిచెను.

ప్రభుత్వమునకు మేము చెప్పునది ఒక్కటే. సేనాని నోరు పత్రికలలో తెరచుకొనుట కంటె ముందు సభలో తెరచుకొనవలెను. అందుకు దారి లేకపోలేదు. 2018లో పార్లమెంటు రక్షణ స్థాయీసంఘము ముందు సేన ఉపాధిపతి, సేన ఆయుధసామగ్రిలో నూటికి 68 పాళ్లు పాతబడినవని దాపరికము లేక చెప్పెను. ఆ సంఘము దానిని నివేదికలో ప్రకటించెను. అప్పుడు సంఘాధ్యక్షుడు మేజర్ జనరల్ ఖండూరి, తానును విశ్రాంత సేనాని, పాలక పక్షమువాడు. ఆ యేడు సెప్టెంబరులో ఆ యధ్యక్షత వేరొకరికి మారెను. కారణమేదైనను, చేదు మాటను సభలో వినిపింపజేసిన సంఘము బలపడవలసినదే గాని సన్నగిల్లరాదు. 2025–26లో రక్షణశాఖకు 6.81 లక్షల కోట్ల రూపాయలు కేటాయింపబడినవి. ఆ సొమ్ము ప్రజలది. దానితో కొన్న తుపాకి పేలునో పేలదో తెలిసికొను హక్కును ప్రజలదే. హెండర్సన్ బ్రూక్సు నివేదికను, ఒక్క ముక్కయు దాచక, ప్రభుత్వము వెంటనే ప్రకటింపవలెను. అరువది యేండ్లనాటి కొండదారులలో నేటి శత్రువు నేర్చుకొనునది లేదు. మనము నేర్చుకొనవలసినది చాల కలదు.

విశ్రాంత సేనానులకును ఒక మాట. మీరు పలుకుడు, దేశము వినును. కాని పలుకునప్పుడు మీ భుజముపై నక్షత్రములను పక్షముల జెండాలకు కుట్టకుడు. ఏ కంపెనీతో సంబంధమున్నదో ముందుగా చెప్పుడు. మీతో పోరి మరలిరాని జవానుల తరఫున మాటలాడుచున్నామని మరువకుడు. వారికి కోపతాపములు లేవు, పరువుకై తాపత్రయము లేదు.

నాంకాచూ గట్టున చలిదుస్తులు లేక నిలిచిన జవాను ఏ పత్రికకును వ్యాసము వ్రాయలేదు. ఆతని తరఫున ముందుగా పలుకవలసినవారు సభలో పలికిరి, ఎవరును వినలేదు. తరువాత పత్రికలో వ్రాసిరి, కొందరు చదివిరి. అటుపిమ్మట గ్రంథములు వెలువడినవి. అందరును చదివి కన్నీరు కార్చిరి. హితవు సభనుండి పత్రికకు, పత్రికనుండి గ్రంథమునకు జరిగిన కొలది దాని వెల పెరిగినది, ఫలము తరిగినది. శాంతిపర్వమును చదివి తలయూచుట మనకు అలవాటే. సభాపర్వమునందే చెవియొగ్గుట ఇకనైన అలవరచుకొందుము గాక.